ఎం.ఎస్. ఉన్నవారికి కరోనా వస్తే: విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా చెల్లికి మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.), అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములోని నరాల మీద పడే జబ్బు, ఉందని 2013లో తేలింది. అప్పటికి తనకు ఇరవై ఆరేళ్లు. 2021 మేలో, రెండో వేవ్ నడుస్తుండగా, తనకు కరోనా కూడా వచ్చింది. మద్దిలపాలెంలో మా ఇంట్లో ఆ పద్నాలుగు రోజులూ ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. ఏది కరోనా, ఏది ఎం.ఎస్. అని విడమరిచి చెప్పేవాళ్లు అప్పుడు దొరకలేదు. ఆ తర్వాత నరాల డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకెళ్లి అడిగాను. ఇప్పుడు న్యూరాలజీ ఓపీ బయట బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు, "అక్కా, మీ చెల్లికి కరోనా వచ్చినప్పుడు ఏం చేశారు?" అని. వాళ్లు అడిగినవే ఇవి.

నేను డాక్టర్ని కాను. మందు ఆపడం, మార్చడం, మోతాదు ఇవన్నీ మీ డాక్టరు చెప్పాల్సినవే. కానీ ఏం అడగాలో ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం కొత్త కొత్త రకాలుగా మన మధ్యే తిరుగుతోంది కాబట్టి ఈ ప్రశ్నలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఎం.ఎస్. ఉంటే కరోనా త్వరగా అంటుకుంటుందా?

ఎం.ఎస్. ఉన్నంత మాత్రాన అంటుకోదు. ఎం.ఎస్. అంటే రోగనిరోధక శక్తి తగ్గిపోవడం అని మన బంధువుల్లో చాలామంది అనుకుంటారు. అది తగ్గిన శక్తి కాదు, దారి తప్పిన శక్తి. వైరస్‌ల మీదికి వెళ్లాల్సిన కణాలు మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర మీద పడతాయి. వైరస్‌తో పోరాడే శక్తి అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేవి ఎం.ఎస్.కు వాడే మందుల్లో కొన్ని. అన్నీ కాదు.

వస్తే ప్రాణం మీదికి వస్తుందా?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువమంది ఎం.ఎస్. ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండి కోలుకున్నారు. టీకాలు రాకముందు, 2020లో, ఉత్తర అమెరికాలో కరోనా వచ్చిన 1626 మంది ఎం.ఎస్. రోగుల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. వాళ్లలో 3.3 శాతం మంది చనిపోయారు. అది చిన్న సంఖ్యేమీ కాదు. అయితే చనిపోయినవాళ్లు ఎవరు, తీవ్రంగా జబ్బుపడినవాళ్లు ఎవరు అని చూస్తే విషయం తెలుస్తుంది. వయసు పైబడినవాళ్లు, నడవలేనివాళ్లు, షుగర్, బీపీ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, స్థూలకాయం ఉన్నవాళ్లు, ఆ మధ్యనే స్టెరాయిడ్లు ఎక్కించుకున్నవాళ్లు. 28 దేశాల నుంచి 2340 మంది వివరాలతో చేసిన మరో పరిశీలనలో రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ అనే మందుల మీద ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువని తేలింది.

ఆ మందుల గురించి కాస్త చెప్పాలి. మన దగ్గర రిటుక్సిమాబ్ వాడేవాళ్లు చాలామంది, మిగతా గట్టి మందులతో పోలిస్తే ధర అందుబాటులో ఉంటుంది కాబట్టి. ఆరు నెలలకొకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. అది రక్తంలోని బి కణాలను తీసేస్తుంది. ఎం.ఎస్.ను అదుపులో పెట్టేది ఆ పనే. కానీ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు తయారయ్యేది కూడా బి కణాల నుంచే. అందుకే ఈ మందు మీద ఉన్నవాళ్లలో కొందరికి కరోనా వారాల తరబడి వదలదు. జ్వరం తగ్గి, పది రోజులకు మళ్లీ వచ్చి, టెస్టులో మళ్లీ పాజిటివ్ అని వచ్చేవాళ్లున్నారు. మీరు ఈ మందు మీద ఉంటే భయపడమని కాదు నేను చెప్పేది. జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరుకు ఫోన్ చేయాల్సినవాళ్లు మీరు. నాలుగు రోజులు చూద్దాం అనుకోకండి.

ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరామర్ అనే ఎం.ఎస్. ఇంజక్షన్లు వాడేవాళ్లకు మందు వల్ల ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. నడుస్తూ, ఇతర జబ్బులేవీ లేని ముప్పై నలభై ఏళ్లవాళ్లకు కరోనా చాలావరకు ఇంట్లో అందరికీ వచ్చినట్టే వచ్చి పోతుంది.

జ్వరం రాగానే కాళ్లు పనిచేయడం మానేశాయి. కొత్త ఎటాకా?

ఎటాక్ అంటే ఇక్కడ గుండెపోటు కాదు, ఎం.ఎస్. ఒక్కసారిగా తిరగబడటం. ఈ ప్రశ్న దగ్గర ఆగి చెప్తాను, ఎందుకంటే మేం పొరపడింది ఇక్కడే.

మా చెల్లికి జ్వరం 102 దాటిన రెండో రోజు రాత్రి మంచం దిగబోయి కూలబడిపోయింది. ఎడమ కాలు అసలు కదల్లేదు. 2016లో వచ్చిన ఎటాక్‌లో దెబ్బతిన్న కాలు అదే. కన్ను కూడా మసకబారింది. ఇంట్లో అందరం అది కొత్త ఎటాకే అనుకున్నాం. మా బావగారు వెంటనే స్టెరాయిడ్లు ఎక్కించే చోటు వెతుకుతూ రాత్రి పదకొండింటికి ఊరంతా ఫోన్లు చేశారు. చివరికి న్యూరాలజిస్ట్ గారు ఫోన్‌లో దొరికి అడిగింది ఒకటే, "జ్వరం ఎంతుంది? ముందు అది దించండి, పొద్దున మాట్లాడదాం" అని. పారాసెటమాల్ వేసి, ఫ్యాన్ కింద ఒళ్లంతా తడిగుడ్డతో తుడిచాం. తెల్లారేసరికి జ్వరం 99కి దిగింది. తను గోడ పట్టుకుని బాత్రూమ్‌కి నడిచింది.

ఒంట్లో వేడి పెరిగితే, మైలిన్ పోయిన నరాల్లో సంకేతాలు మందగిస్తాయి. పాత ఎటాక్‌లో దెబ్బతిన్న చోటే మళ్లీ బయటపడుతుంది. 1890లో ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, కాస్త శ్రమ పడగానే కొందరి చూపు మసకబారి మళ్లీ మామూలు అవుతోందని గమనించి రాశారు. ఇప్పటికీ ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. విశాఖలో మే నెల ఉక్కపోతలో జ్వరం లేకుండానే ఇది చాలామందికి అనుభవమే. జ్వరంతో వచ్చేది అదే, ఇంకా గట్టిగా. డాక్టర్లు దీన్ని అసలు ఎటాక్ కింద లెక్కవేయరు.

అసలు ఎటాక్ అని అనాలంటే కొత్త లక్షణం గానీ, పాతది బాగా ముదరడం గానీ కనీసం 24 గంటలు ఆగకుండా ఉండాలి, ఆ సమయంలో జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉండకూడదు. అంటే కరోనా జ్వరం ఉన్నంతసేపు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. జ్వరం పూర్తిగా తగ్గి రెండు మూడు రోజులైనా కాలు రాకపోతే, లేదా ఎప్పుడూ లేని కొత్త చోట తిమ్మిరి, చూపు పోవడం లాంటివి వస్తే అప్పుడు అది వేరే విషయం, డాక్టరు చూడాల్సిందే. వైరల్ ఇన్ఫెక్షన్ల తర్వాత కొన్ని వారాల్లో నిజమైన ఎటాక్ వచ్చే అవకాశం ఉంటుందని కరోనాకు ముందు నుంచే తెలుసు. కాబట్టి తగ్గాక కూడా ఒక కంట కనిపెట్టి ఉండండి.

ఇంకో మాట. ఎం.ఎస్. ఉన్నవాళ్లకు జ్వరం రాగానే కరోనా ఒక్కటే అనుకోకండి. మూత్రం పూర్తిగా రాకపోవడం, క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడటం ఉన్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ చాలా మామూలు. అది కూడా ఇలాగే కాళ్లు పడేస్తుంది. కరోనా టెస్టుతో పాటు మూత్ర పరీక్ష కూడా చేయించండి.

ఇంజక్షన్ వేసుకున్న రోజు ఎలాగూ జ్వరం వస్తుంది. కరోనా జ్వరం అని ఎలా తెలుస్తుంది?

ఇంటర్‌ఫెరాన్ వేసుకునేవాళ్లందరి కష్టం ఇది. ఇంజక్షన్ జ్వరం వేసుకున్న కొన్ని గంటలకు మొదలై, ఒళ్లు నొప్పులు, చలితో సాధారణంగా ఒక రోజులో పోతుంది. మరుసటి రోజు కూడా ఉంటే, గొంతు నొప్పి, దగ్గు, ముక్కు కారడం తోడైతే, ఇంట్లో ఇంకొకరికి కూడా జలుబు ఉంటే టెస్ట్ చేయించాలి. మా చెల్లి విషయంలో మాకు ఒక రోజు ఇలాగే పోయింది, శనివారం ఇంజక్షన్ కాబట్టి ఆదివారం జ్వరాన్ని ఎవరం పట్టించుకోలేదు.

కరోనా వచ్చింది కదా, ఎం.ఎస్. మందు ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి. 2021లో ఫ్యామిలీ డాక్టరో, మందుల షాపు అబ్బాయో "ఇమ్యూనిటీ తగ్గించే మందు కదా, ఆపేయండి" అని చెబితే ఆపేసినవాళ్లను నేను చూశాను. కొందరికి కరోనా తేలిగ్గా పోయింది, ఎం.ఎస్. మాత్రం తిరగబడింది.

మందును బట్టి సమాధానం మారుతుంది. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరామర్ సాధారణంగా కొనసాగిస్తారు. టెరిఫ్లూనొమైడ్, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు కూడా తేలికపాటి కరోనాలో ఎక్కువగా కొనసాగిస్తారు. డైమిథైల్ ఫ్యూమరేట్ వాడేవాళ్లలో లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య పడిపోతుంటుంది కాబట్టి, పాత రక్త పరీక్ష రిపోర్టులో ఆ అంకె ఎంతుందో డాక్టరుకు చెప్పండి.

ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ వాడేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వీటిని అర్ధాంతరంగా ఆపితే ఎం.ఎస్. మునుపటి కంటే ఎక్కువగా విరుచుకుపడే ప్రమాదం ఉంది. ఫింగోలిమాడ్ కొంత కాలం మానేసి మళ్లీ మొదలుపెట్టాలంటే మొదటి మాత్ర ఆసుపత్రిలో కూర్చుని వేసుకోవాలి, ఆరు గంటలు గుండె వేగం చూస్తారు. ఇంట్లో ఒక స్ట్రిప్ మిగిలి ఉందని మళ్లీ మొదలుపెట్టేయకూడదు.

రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ ఒకసారి ఎక్కిస్తే నెలల తరబడి పనిచేస్తాయి, కాబట్టి ఈ రోజు "ఆపడం" అనేదేమీ లేదు. తర్వాతి డోసు తేదీ దగ్గరగా ఉంటే, కరోనా పూర్తిగా తగ్గేవరకు వాయిదా వేస్తారు. క్లాడ్రిబిన్ అనే ఎం.ఎస్. మాత్రల కోర్సు మొదలుపెట్టాల్సి ఉన్నా అంతే.

బాక్లోఫెన్ లాంటి కండరాల బిగుతు తగ్గించే మాత్రలు కూడా ఒక్కసారిగా మానకూడదు. జ్వరంలో తిండి మానేసినప్పుడు మాత్రలు కూడా మానేస్తారు కొందరు, అది ప్రమాదం.

ఫ్రిజ్‌లో పెట్టే ఇంజక్షన్లు ఉంటే ఒక మాట. మేం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక చెల్లి ఇంజక్షన్లు ఐస్ పెట్టెలో పెట్టి కాపాడుకున్నాం. ఐసోలేషన్‌లో ఉన్నప్పుడు ఇంకో రకం సమస్య: రోగి గది ఒకచోట, ఫ్రిజ్ ఇంకోచోట. ఇంజక్షన్ రోజున తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది ఎవరో ముందే అనుకోండి.

స్టెరాయిడ్లు మంచివా, కావా? ఒకరు ఇవ్వమంటారు, ఒకరు వద్దంటారు.

రెండూ నిజమే, సందర్భం వేరు. ఎం.ఎస్. ఎటాక్‌కు ఇచ్చేది మిథైల్‌ప్రెడ్నిసొలోన్, రోజుకు 1 గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు. కరోనాలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకు ఇచ్చేది డెక్సామెథసోన్, రోజుకు 6 మిల్లీగ్రాములు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చినప్పుడు ఆక్సిజన్ మీద, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు తగ్గాయని తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ మేలూ కనపడలేదు.

ఈ రెండు మోతాదులను బలంలో పోల్చి చూస్తే, ఎం.ఎస్.కు ఒక రోజు ఎక్కించే స్టెరాయిడ్ కరోనాకు ఇచ్చే రోజు మోతాదుకు దాదాపు 30 రెట్లు. వైరస్ ఒంట్లో పెరుగుతున్న మొదటి వారంలో అంత స్టెరాయిడ్ ఎక్కిస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ఆ రాత్రి మా డాక్టరు గారు ఆగమన్నారు. నాకు తెలిసిన ఒకామెకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ 98 ఉండగానే రెండో రోజు స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఆమె షుగర్ 400 దాటింది. అదే ఏడాది దేశమంతా బ్లాక్ ఫంగస్‌ను చూశాం. అదుపులో లేని షుగర్, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు దానికి పెద్ద కారణాలు.

కరోనాకు మాత్రలున్నాయంటారు కదా?

ఉన్నాయి, కానీ ముందుగా మొదలుపెడితేనే పనిచేస్తాయి. నిర్మాట్రెల్విర్, రిటోనవిర్ కలిపి ఇచ్చే మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు వేసుకోవాలి. రిటుక్సిమాబ్ లాంటి మందుల మీద ఉన్నవాళ్లు, వయసు మీదపడినవాళ్లు డాక్టరును అడగాల్సిన మందు ఇది. అయితే రిటోనవిర్ చాలా మందులతో పడదు. ముఖంలో కరెంటు షాక్ లాంటి నొప్పికి ఎం.ఎస్. వాళ్లు వాడే కార్బమజెపైన్ ఉంటే ఈ మాత్రలు ఇవ్వకూడదు. సిపోనిమాడ్ అనే ఎం.ఎస్. మాత్ర, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలతోనూ చిక్కులున్నాయి. మీరు వాడే ప్రతి మందు పేరు చెప్పండి, నిద్రమాత్ర అయినా సరే.

మోల్నుపిరావిర్ అనే మరో కరోనా మందు గర్భిణులకు ఇవ్వకూడదు. ఎం.ఎస్. ఎక్కువగా వచ్చేది ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య ఆడవాళ్లకు. గర్భం వచ్చే అవకాశం ఉంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి. మూడు రోజులు ఎక్కించే రెమ్డెసివిర్ ఇంకో దారి. అది మొదటి వారంలోనే.

ఇంట్లో ఉండి చూసుకోవాలంటే ఏం గమనించాలి?

ఆక్సిమీటర్ దగ్గర పెట్టుకోండి. 94 కంటే తగ్గుతుంటే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూడండి అని అందరికీ చెబుతారు. నడవలేనివాళ్లకు ఆ పరీక్ష కుదరదు. ఆయాసం లేకుండా ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలుగుతున్నారో రోజూ ఒకే సమయానికి చూస్తూ ఉంటే తేడా తెలుస్తుంది. నిన్న ముప్పై వరకు లెక్కపెట్టిన మనిషి ఈరోజు పదిహేను దగ్గర ఆగితే ఆలస్యం చేయకండి.

బోర్లా పడుకోమని చెప్పినా కాళ్లు బిగుసుకుపోయేవాళ్లకు అది నరకం. పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, రెండు గంటలకొకసారి మరో పక్కకు మార్చినా మేలే. మార్చకపోతే నడుము కింద పుండ్లు పడతాయి, ఆ పుండు కరోనా తగ్గిన మూడు నెలలకు కూడా మానదు.

మింగడం కష్టమైనవాళ్లకు పడుకోబెట్టి గంజి తాగించకండి. కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వాలి. తాగిన ప్రతిసారీ దగ్గు వస్తుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతోందని అనుమానించాలి. కదలకుండా పడుకున్నవాళ్లకు పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కరోనాలో ఇంకా ఎక్కువ. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వెంటనే చెప్పండి.

గది చల్లగా ఉండాలి. ఏసీ లేకపోతే కిటికీకి తడిపిన దుప్పటి కట్టి ఫ్యాన్ పెట్టినా కొంత నయం, కానీ మన సముద్రపు తేమలో దానికంటే ఒంటిని తడిగుడ్డతో తుడవడమే బాగా పనిచేసింది మాకు.

తిప్పతీగ, కషాయాలు, ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడొచ్చా?

మిరియాల పాలు, అల్లం టీ తాగండి, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఎం.ఎస్. ఉన్నవాళ్లకు "ఇమ్యూనిటీ పెంచడం" అన్న ఆలోచనే సరికాదు. మన సమస్య అది తక్కువై కాదు. తిప్పతీగ వాడకం కరోనా కాలంలో ఇంటింటా పెరిగింది. అది వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఇంటర్‌ఫెరాన్, టెరిఫ్లూనొమైడ్ కూడా లివర్ మీద భారం వేసేవే. రెండూ కలిస్తే లివర్ పరీక్ష పాడైనప్పుడు ఏది కారణమో తెలియక మంచి మందు ఆపేయాల్సి వస్తుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే ఇస్తారు. అత్తగారి మనసు నొప్పించకుండా "డాక్టరు గారు వద్దన్నారు అత్తయ్యా" అని చెప్పేయండి.

ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఏం పట్టుకెళ్లాలి?

అంబులెన్స్‌కు 108. రెండో వేవ్‌లో విశాఖలో హనుమంతవాక దగ్గరి విమ్స్, కేజీహెచ్ ఆసుపత్రులు కరోనా రోగులతో నిండిపోయాయి. అలాంటి రోజుల్లో మనల్ని చూసే డాక్టరు న్యూరాలజిస్ట్ కాకపోవచ్చు. అందుకే ఒకే కాగితం మీద అన్నీ రాసి ఫైలు పైన పెట్టండి. వాడే మందులన్నీ, చివరి రిటుక్సిమాబ్ లేదా స్టెరాయిడ్ ఎప్పుడు ఎక్కించారో తేదీతో సహా, మామూలు రోజుల్లో ఎంత దూరం నడవగలరు, మూత్రం సమస్య ఉందా, ఏ మందు పడదు, న్యూరాలజిస్ట్ ఫోన్ నంబరు.

ఆ కాగితం మీద జబ్బు పేరు "ఎం.ఎస్." అని పొట్టిగా రాయకండి. మన ఆసుపత్రుల్లో ఎం.ఎస్. అంటే చాలామంది డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది గుండె కవాటం ముడుచుకుపోయే మైట్రల్ స్టెనోసిస్. మా చెల్లి కేసు షీటులో ఒకసారి అలాగే ఎక్కింది, ఎకో (గుండె స్కాన్) తీయించమన్నారు కూడా. మల్టిపుల్ స్క్లీరోసిస్ అని పూర్తిగా రాయండి.

మామూలుగా నడవలేని మనిషి అని ముందే రాసి ఉంటే, ఆ బలహీనతను కొత్తగా వచ్చిన పక్షవాతం అనుకునే పొరపాటు కూడా తగ్గుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు 21 వైకల్యాల జాబితాలో ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే దాని జిరాక్స్ కూడా పెట్టుకోండి. తోడుగా ఒకరిని ఉండనివ్వమని అడగడానికి పనికొస్తుంది.

టీకా వేయించుకోవచ్చా? దానివల్ల ఎటాక్ రాదా?

వేయించుకోవచ్చు. కొవిషీల్డ్‌లోని వైరస్ ఒంట్లో పెరగలేనిది, కొవాగ్జిన్‌లోనిది చచ్చిన వైరస్. రెండిట్లో ఏదీ బతికున్న వైరస్ టీకా కాదు. ముక్కులో చుక్కలుగా వేసే ఇన్‌కొవాక్ 2023 జనవరి 26న వచ్చింది, అది కూడా పెరగలేని వైరస్‌తో చేసిందే. ఫ్లూకు ముక్కులో కొట్టే టీకా మాత్రం బతికున్న వైరస్, ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు దాన్ని వద్దనాలి. ఫ్లూ ఇంజక్షన్‌తో ఇబ్బంది లేదు.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం వచ్చి పాత లక్షణాలు బయటపడొచ్చు, పైన చెప్పిన వేడి కథే అది. టీకా వల్ల ఎటాక్‌లు పెరిగాయని పెద్ద పరిశీలనల్లో కనపడలేదు. మా చెల్లి మొదటి డోసు తర్వాత ఒకరోజు కర్ర పట్టుకుని నడిచింది, మూడో రోజు మామూలే.

రెండు డోసులు వేసుకున్నా యాంటీబాడీలు రాలేదని రిపోర్టు వచ్చింది. టీకా వృథానా?

రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ మీద ఉన్నవాళ్లలో ఇది సాధారణం. బి కణాలు లేనప్పుడు యాంటీబాడీలు రావు. కానీ రోగనిరోధక శక్తిలో మరో రకం కణాలైన టి కణాలు టీకాను గుర్తుపెట్టుకుంటాయి, ఆ రక్షణ మామూలు యాంటీబాడీ టెస్టులో కనపడదు. కాబట్టి వృథా కాదు. ఫింగోలిమాడ్ మీద ఉన్నవాళ్లకు మాత్రం రెండు రకాల స్పందనా తగ్గుతుంది, వాళ్లు మాస్కు విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి.

టైమింగ్ కలిసివస్తే మేలు. రిటుక్సిమాబ్ మొదలుపెట్టకముందే టీకాలు పూర్తి చేయడం అన్నిటికన్నా మంచిది. ఇప్పటికే వాడుతుంటే తర్వాతి డోసుకు రెండు నుంచి నాలుగు వారాల ముందు వేయించుకునేలా డాక్టరుతో మాట్లాడండి. టీకా కోసం ఎం.ఎస్. డోసును నెలల తరబడి వాయిదా వేయకండి. మీకు టీకా సరిగ్గా పట్టకపోతే ఇంట్లోవాళ్లందరూ వేయించుకోవడమే మీకు కోట గోడ.

కరోనా తగ్గి నెలలైంది, నీరసం పోవడం లేదు. ఇది ఎం.ఎస్. నీరసమా, కరోనా నీరసమా?

రెండిటినీ వేరుచేయడం డాక్టర్లకే కష్టం. కరోనా వచ్చి మూడు నెలలైనా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగితే దాన్ని లాంగ్ కోవిడ్ అంటారు. నీరసం, మతిమరుపు, మాట వెతుక్కోవడం, నిద్ర పట్టకపోవడం ఎం.ఎస్.లోనూ ఉన్నవే. ముందు సులభంగా దొరికే కారణాలు చూడండి: రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి, బి12, దిగులు. మా చెల్లికి చివరికి తేలింది హిమోగ్లోబిన్ 8 అని. ఐరన్‌తో సగం బాగైంది. మిగతా సగానికి పని పంచుకోవడమే మందు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే స్నానం, వంట, మధ్యాహ్నం పడుకోవడం. "బద్ధకం" అని ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆ ఒక్క మాట పడలేక తను ఒంట్లో బాగోలేదని చెప్పడమే మానేసింది కొన్నాళ్లు.

కరోనా వచ్చాకే మా అబ్బాయికి ఎం.ఎస్. వచ్చింది. కరోనా వల్లేనా?

కరోనా ఎం.ఎస్.ను పుట్టిస్తుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఎం.ఎస్.కు బలమైన సంబంధం ఉన్న వైరస్ ఎప్‌స్టీన్ బార్, దాని మీద 2022 జనవరిలో అమెరికా పరిశోధకులు పెద్ద అధ్యయనం ప్రచురించారు. మెదడులో మచ్చలు చాలా ఏళ్ల ముందు నుంచి చడీచప్పుడు లేకుండా ఏర్పడుతూ ఉండి, ఒక జ్వరంతో మొదటిసారి బయటపడటం జరగొచ్చు. బాబుకు టీకా వేయించినందుకో, బయటకు పంపినందుకో ఇలా అయిందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

సాయంత్రాలు బీచ్‌కి తీసుకెళ్లొచ్చా? ఏళ్లుగా ఇంట్లోనే ఉంచేశాం.

తీసుకెళ్లండి. గాలి ఆడే ఆరుబయట వైరస్ అంటుకునే అవకాశం మూసిన గది కంటే చాలా తక్కువ. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జనం భుజాలు రాసుకుంటారు, ఆ సమయం వద్దు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు రానివ్వరు, వీల్‌చైర్ తోసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది, ఎండ కూడా ఉండదు. మా చెల్లి 2021 నవంబరులో మొదటిసారి అలా వచ్చింది. ఐదున్నరకు బయల్దేరాం, ఒక సీసాలో చల్లని నీళ్లు, మెడకు చుట్టుకోవడానికి తడి తువ్వాలు పట్టుకుని. ఎండ పైకొచ్చేలోపు ఇంటికి వచ్చేశాం.